గంజి, లాలాజలం, అయోడిన్: పిండిపదార్థం అరగడాన్ని కళ్లారా చూడటం

అరచెంచా బియ్యప్పిండిని గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, నాలుగు నిమిషాలు మరిగించి వడకట్టండి. గంజి పూర్తిగా చల్లారాలి. వేడిగా ఉండగానే లాలాజలం కలిపితే అందులో పిండిపదార్థాన్ని తెంచే అమైలేజ్ ఎంజైమ్ చెడిపోతుంది, ఇక ఎంతసేపు చూసినా రంగు మారదు. చాలా తరగతి గదుల్లో ప్రయోగం చెడేది ఇక్కడే.

నోరు బాగా పుక్కిలించి, రెండు నిమిషాలాగి, ఒక మి.లీ. లాలాజలం పట్టి అంతే నీళ్లు కలపండి. ఎవరి లాలాజలం వాళ్లే వాడాలి, ఆ నాళికలు వాళ్లే కడగాలి.

మూడు పరీక్షనాళికల్లో 5 మి.లీ. చొప్పున గంజి పోయండి. మొదటిదానిలో అర మి.లీ. నీళ్లు, రెండోదానిలో అంతే లాలాజలం, మూడోదానిలో ముందు పది చుక్కల వెనిగర్, తర్వాత లాలాజలం. వెనిగర్ బదులు నిమ్మరసం వద్దు: అందులోని విటమిన్ సి అయోడిన్ రంగును విరిచేస్తుంది, పిండిపదార్థం అరిగిపోయిందని పొరబడతారు. మూడింటినీ 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టండి.

తెల్ల పింగాణీ పళ్లెంలో పలుచని అయోడిన్ చుక్కలు వరుసగా పెట్టుకోండి. రెండేసి నిమిషాలకు ఒక్కో నాళికలోంచి ఒక్కో చుక్క తీసి వాటిలో కలపండి. అయోడిన్‌ను నాళికలోనే పోసేయకండి. పిండిపదార్థపు పొడవాటి గొలుసులు మెలికలు తిరిగి ఉంటాయి, అయోడిన్ ఆ మెలికల్లో చిక్కుకుంటేనే నీలినలుపు రంగు. రెండో నాళికలో గొలుసులు తెగేకొద్దీ ఆ నీలం ఎర్రటి గోధుమకు దిగి, చివరికి అయోడిన్ పసుపే మిగులుతుంది. లాలాజలాన్ని బట్టి ఐదు నిమిషాలు పట్టొచ్చు, ఇరవై పట్టొచ్చు. ఇరవై నిమిషాలు దాటినా నీలమే ఉంటే గంజి చిక్కగా ఉండి ఉండొచ్చు, నీళ్లు కలిపి మళ్లీ చేయండి.

మూడో నాళిక చుక్కలు మాత్రం నీలంగానే ఉండిపోతాయి, వెనిగర్‌లోని ఆమ్లం అమైలేజ్ పనిని ఆపేస్తుంది. కడుపులో జరిగేదీ ఇదే. మింగిన ముద్ద లోపలికి జఠరరసపు ఆమ్లం చేరేదాకే లాలాజలం పని. మిగిలిన పిండిపదార్థాన్ని చిన్నపేగులో క్లోమం నుంచి వచ్చే అమైలేజ్ తెంచుతుంది.

రంగు పోయిందంటే గ్లూకోజ్ తయారైపోయిందని కాదు. రెండో నాళికలో ఉన్నది ఎక్కువగా మాల్టోజ్. చక్కెరలను గుర్తించే బెనెడిక్ట్ ద్రావణం కలిపి మరుగుతున్న నీళ్లలో ఉంచితే నారింజ, ఇటుక రంగులు వచ్చేది దానివల్లే. మాల్టోజ్ నేరుగా రక్తంలోకి వెళ్లలేదు. చిన్నపేగు లోపలి చూషకాల (వేళ్లలాంటి సన్నని మొనల) మీది మాల్టేజ్ ఎంజైమ్ దాన్ని రెండు గ్లూకోజ్‌లుగా విడగొట్టాకే, ఆ గ్లూకోజ్ సోడియంతో పాటు పేగు కణాల్లోకి, అక్కణ్నుంచి రక్తంలో కాలేయానికి చేరుతుంది.