క్రీడా ఒప్పందాలు చదవడం నేర్చుకుందాం – 6వ పాఠం: తలుపులు మూసిన ఏడాది వచ్చిన కుర్రవాడు

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌లో, అంటే ఎన్‌బీఏలో, మొదటి రౌండులో ఎంపికైన కుర్రవాడి జీతం ఎవరు తేలుస్తారు? (ఏటా జట్లు కొత్తవాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి, ఆ తంతునే ఇక్కడ ఎంపిక అంటున్నాను. జట్లన్నిటి వంతూ ఒకసారి పూర్తయితే ఒక రౌండు.) జట్టు యజమాని అనో, ఏజెంటు అనో రాసుకున్నవాళ్లు అది కొట్టేసి "పట్టిక" అని రాసుకోండి. 1994లో అందరికంటే ముందు ఎంపికైన గ్లెన్ రాబిన్సన్ మిల్వాకీ జట్టుతో పదేళ్లకు 6.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాయించుకున్నాడు. లీగులో ఒక్క ఆట కూడా ఆడని కుర్రవాడికి అంత సొమ్ము! మరుసటి ఏడాదే, లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 1995 ఒప్పందంతో, కొత్తవాళ్లకు జీతాల పట్టిక వచ్చింది. ఎంపికలో ఎన్నోవాడివో చూసుకుంటే నీ జీతం అక్కడ రాసి ఉంటుంది. జట్టు అందులో 80 శాతం నుంచి 120 శాతం వరకు ఇవ్వవచ్చు. ఆచరణలో దాదాపు అందరికీ 120 శాతమే దక్కుతుంది.

ఈ పాఠంలో ఆ పట్టికను పనిలో పెడదాం. అన్నీ సవ్యంగా ఉన్న ఏడాదిలో ఒప్పందం చదవడం తేలికే. ఆట ఆగిపోయిన ఏడాది చదవడం వచ్చినప్పుడే విద్య అబ్బినట్టు. మనం తీసుకునేది 2011. చదవబోయేది ఆ ఏడాది కొత్తగా వచ్చిన కుర్రవాళ్ల పరిస్థితి. అక్కడివాళ్లు వీళ్లను రూకీలు అంటారు, మనమూ ఆ మాటే వాడదాం.

ముందు ఒక మాట సంగతి. ఉత్తరాంధ్ర జూట్ మిల్లుల వార్తలు చదివినవాళ్లకు లాకౌట్ కొత్తది కాదు. కార్మికులు పని మానేస్తే సమ్మె, యాజమాన్యం గేటు మూస్తే లాకౌట్. ఎన్‌బీఏలో ఆటలు రద్దయ్యేదాకా వెళ్లిన రెండు సందర్భాల్లోనూ, 1998లోనూ 2011లోనూ, గేటు మూసింది యజమానులే. 2011లో తగువు ఆదాయం పంపకం మీద వచ్చింది. అప్పటివరకు ఆటగాళ్ల వాటా 57 శాతం. చివరికి అది 49 నుంచి 51 శాతం మధ్యకు దిగింది. తగువు పెద్దవాళ్లది. ఎద్దులు ఎద్దులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్టు, ఆ ఏడాది రూకీల కాళ్లు ఎక్కడెక్కడ నలిగాయో వెతకడమే మన పని.

మొదటి మెట్టు: తేదీలు వేయండి

ఇలాంటి తగువు ఏది చదవాలన్నా నేను ముందు డబ్బు జోలికి వెళ్లను. నోటు పుస్తకంలో నిలువుగా ఒక గీత గీసి తేదీలు రాస్తాను. మీరూ రాయండి.

జూన్ 23, 2011: న్యూజెర్సీలోని నెవార్క్ నగరంలో ఆటగాళ్ల ఎంపిక.
జూలై 1: లాకౌట్ మొదలు.
నవంబరు 26: రాజీ కుదిరింది.
డిసెంబరు 8: లాకౌట్ ముగింపు. మొత్తం 161 రోజులు.
డిసెంబరు 9: శిక్షణ శిబిరాలు తెరిచారు.
డిసెంబరు 25: మొదటి ఆట.

ఇప్పుడు మొదటి రెండు తేదీల మధ్య ఖాళీ చూడండి. ఎంపిక జరిగిన రాత్రికీ గేటు మూసిన రాత్రికీ మధ్య వారం రోజులు. ఈ పాఠం మొత్తంలో నా మనసు నిలిచిపోయేది ఆ వారం మీదే. పందొమ్మిదేళ్ల కుర్రవాడు, పేరు పిలిచారు, టోపీ పెట్టారు, జట్టు ఊరికి వెళ్లి చొక్కా పట్టుకుని ఫొటో దిగాడు. జూలై 1 వచ్చేసరికి జట్ల వెబ్‌సైట్లలోంచి ఆటగాళ్ల ఫొటోలు తీసేశారు. కోచ్ ఫోను చేయకూడదు. జట్టు వ్యాయామశాలలో అడుగు పెట్టకూడదు. జట్టు వైద్యుడు మోకాలు చూడకూడదు. నీవాడివి అన్నారు, నీతో మాట్లాడం అన్నారు.

పాతవాళ్లకూ ఈ నిషేధాలు ఉన్నాయి కదా అని మీకు తోచవచ్చు. తేడా ఉంది. పాతవాడికి చేతిలో ఒప్పందం ఉంది, అది అప్పటికి అమలులో లేదంతే. రూకీ చేతిలో ఒప్పందమే లేదు. ఎంపిక వేరు, సంతకం వేరు. ఎంపికతో జట్టుకు అతనిపై హక్కు వస్తుంది, సంతకంతోనే అతనికి జట్టుపై హక్కు వస్తుంది. లాకౌట్ ఆ రెంటి మధ్య గోడ కట్టేసింది. ఒక పక్క హక్కు ఖాయమైంది, ఇంకో పక్క హక్కు వేలాడింది. ఈ వాక్యం కింద గీత గీసుకోండి. ఒప్పందాలు చదివేటప్పుడు "ఎవరి హక్కు ముందు పుట్టింది" అన్నది ఎప్పుడూ అడగాల్సిన ప్రశ్న.

రెండో మెట్టు: డబ్బు లెక్క

2011లో మొదటివాడిగా క్లీవ్‌లాండ్ జట్టుకు ఎంపికైన కైరీ ఇర్వింగ్‌ను తీసుకుందాం. పట్టికలో అతని మొదటి ఏడాది అంకె 42,86,900 డాలర్లు. దానికి 120 శాతం అంటే 51,44,280. ఒక ఏడాది ముందు జాన్ వాల్‌కు ఇదే అంకె, ఒక ఏడాది తర్వాత ఆంథనీ డేవిస్‌కూ ఇదే అంకె. మామూలుగా ఏటా పెరిగే పట్టికను అక్కడే బిగించేశారన్నమాట. ఆ గదిలో బేరం ఆడినవాళ్లలో ఈ ముగ్గురూ లేరు.

మామూలు ఏడాదిలో జీతాన్ని నెలకు రెండుసార్లు చొప్పున 24 వాయిదాలుగా ఇస్తారు, మొదటిది నవంబరు 15న. ఇర్వింగ్ అంకెను 24తో భాగిస్తే వాయిదాకు సరిగ్గా 2,14,345 డాలర్లు. మొదటి రెండు వాయిదాల తేదీలు గేటు మూసి ఉండగానే గడిచిపోయాయి. ఇప్పుడు ఆటల లెక్క. మామూలు సీజనులో ఒక్కో జట్టుకు 82 ఆటలు, ఆ ఏడాది 66. జీతం కూడా 82లో 66 వంతులకు తగ్గింది.

51,44,280 ÷ 82 = ఆటకు సుమారు 62,735.
పోయిన ఆటలు 16. 16 × 62,735 = సుమారు 10 లక్షల 4 వేలు.
మిగిలింది సుమారు 41 లక్షల 40 వేల డాలర్లు.

పది లక్షల డాలర్లు పోయినా ఇర్వింగ్‌కు తిండికి లోటు రాదు. కాబట్టి ఇదే లెక్క వరుస చివర ఉన్నవాడికి వేయండి. ఆ ఏడాది 60వ స్థానంలో, అంటే ఆఖరివాడిగా, శాక్రమెంటో జట్టుకు ఎంపికైనవాడు ఐజయా థామస్. రెండో రౌండువాళ్లకు పట్టిక వర్తించదు, జట్టు సంతకం చేయించుకోవాలన్న నియమమూ లేదు. కొత్తవాడి కనీస జీతం ఆ ఏడాది 4,73,604 డాలర్లు. 66 ఆటలకు అది సుమారు 3,81,193. శాతం చూస్తే ఇద్దరికీ ఒకే కోత. కానీ జూన్ చివరి నుంచి డిసెంబరు వరకు ఉద్యోగం ఉందో లేదో తెలియకుండా గడిపింది రెండోవాడు. అంకెలు సమానంగా కనిపించినప్పుడు వాటి వెనక ఉన్న భద్రత సమానమేనా అని చూడటం మరవకండి.

పాతవాళ్లకు ఇంకో ఆసరా ఉంది. 2010–11 సీజనులో వాళ్ల జీతాల్లోంచి 8 శాతం పక్కన పెట్టి ఉంచారు. జీతాల మొత్తం ఒప్పుకున్న వాటాను దాటితే యజమానులకు, దాటకపోతే ఆటగాళ్లకు అన్నది నియమం. ఆ ఏడాది దాటలేదు, కనుక సుమారు 16 కోట్ల డాలర్లు లాకౌట్ మధ్యలోనే ఆటగాళ్లకు తిరిగి దక్కాయి. అంతకుముందు ఏడాది ఆడనివాడికి అందులో పైసా రాదు. కొత్తగా కాపురం పెట్టినవాడికి పాత గాదె ఎక్కడుంటుంది?

పరదేశం వెళ్లి ఆడవచ్చు కదా? వెళ్లారు. రెండో రౌండులో హ్యూస్టన్‌కు ఎంపికైన చాండ్లర్ పార్సన్స్ ఫ్రాన్స్‌లో షోలే జట్టుకు ఆడి, గేటు తెరవగానే తిరిగి వచ్చాడు. ఇక్కడ చదవాల్సింది నిష్క్రమణ షరతు. ఐరోపా జట్లు "లాకౌట్ ముగిస్తే వెళ్లిపోవచ్చు" అని రాసి ఇచ్చాయి. చైనా లీగు ఒప్పుకోలేదు. వస్తే సీజను పూర్తి చేయాల్సిందే అంది. విల్సన్ చాండ్లర్, జె.ఆర్. స్మిత్ వంటి అనుభవజ్ఞులు చైనాకు వెళ్లి, ఇక్కడ ఆటలు మొదలయ్యాక కూడా అక్కడే ఉండిపోయారు. ఒక్క వాక్యం ఉండటానికీ లేకపోవడానికీ అంత తేడా.

మూడో మెట్టు: రాతలో కనిపించని నష్టం

డబ్బు కోత అంకెల్లో దొరుకుతుంది. నా దృష్టిలో రూకీకి అసలు దెబ్బ అది కాదు, వేసవి పోవడం. మామూలుగా జూలైలో లాస్ వేగస్‌లో వేసవి లీగు ఉంటుంది. కొత్తవాళ్లు పెద్దవాళ్ల వేగానికి అలవాటు పడేది, కోచ్ మాట మొదటిసారి చెవిన పడేది అక్కడే. 2011లో అది రద్దయింది. అక్టోబరు శిబిరం డిసెంబరుకు జరిగి, సుమారు రెండు వారాలకు కుదించుకుపోయింది. ఆ తర్వాత దాదాపు నాలుగు నెలల్లో 66 ఆటలు. వరుసగా మూడు రాత్రులు మూడు ఆటలు ఆడాల్సిన వారాలూ వచ్చాయి. అలాంటి సీజనులో జట్టు కూర్చుని సాధన చేసే రోజు దొరకదు. సాధన లేకపోతే కోచ్ తెలిసినవాడినే నమ్ముతాడు.

జిమ్మీ బట్లర్ సంగతి చూడండి. మొదటి రౌండులో చివరి ఎంపిక, 30వవాడు. చేరింది ఆ సీజనులో 50 గెలిచి 16 మాత్రమే ఓడిన షికాగో జట్టు. 42 ఆటల్లో కనిపించాడు, ఆటకు ఎనిమిదిన్నర నిమిషాలు, సగటున 2.6 పాయింట్లు. అదే బట్లర్ 2015లో లీగులో అందరికంటే ఎక్కువ మెరుగుపడిన ఆటగాడిగా బహుమతి అందుకున్నాడు. బలమైన జట్టులో చోటు దొరకడం ఎప్పుడూ కష్టమే, కాబట్టి అంతా లాకౌట్ మీదకు నెట్టను. కానీ వేసవి లీగు లేని, సాధన లేని ఏడాదిలో అతను తనను తాను చూపించుకునే చోటు ఏది?

దీన్ని ఒప్పంద నియమంతో కలిపి చదివితే లోతు తెలుస్తుంది. మొదటి రౌండు ఒప్పందంలో మొదటి రెండేళ్లకే హామీ. మూడో ఏడు, నాలుగో ఏడు జట్టు ఇష్టం. మూడో ఏడు ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు రెండో సీజను మొదలయ్యే వేళకు, అక్టోబరు 31లోగా తేల్చాలి. అంటే 2011 కుర్రవాళ్లపై తీర్పు 2012 అక్టోబరులో, 66 ఆటలు చూసి. తీర్పు గడువు జరగలేదు, సాక్ష్యం మాత్రం తగ్గింది.

ఇందులో రూకీకి అనుకూలమైనదీ ఒకటుంది. 66 ఆటల సీజను కూడా సర్వీసు లెక్కలో పూర్తి ఏడాదే. పట్టిక జీతం నుంచి బయటపడి పెద్ద ఒప్పందం అడిగే రోజు వెనక్కి జరగలేదు. పై వరుసలో ఎంపికై బాగా ఆడేవాడికి ఇది నిజంగా మేలు.

1998లో ఏమైందో కూడా కొద్దిగా చూద్దాం. అప్పుడు లాకౌట్ 204 రోజులు, సీజను 50 ఆటలు. మొదటివాడిగా ఎంపికైన మైకేల్ ఒలోవోకాండి లాకౌట్ రోజుల్లో ఇటలీలోని బొలోన్యా జట్టుకు ఆడాడు. డిర్క్ నోవిట్స్కీ సొంత ఊరు వుర్ట్స్‌బర్గ్‌లో ఆడి, చలికాలం మధ్యలో డాలస్ వచ్చాడు. మొదటి సీజనులో సగటు 8.2 పాయింట్లు, తర్వాతి ఏడాది 17.5. అదే ఎంపికలో వచ్చి, అదే లాకౌట్‌ను దాటిన విన్స్ కార్టర్ మాత్రం 18.3 సగటుతో ఆ ఏటి ఉత్తమ రూకీ అయ్యాడు. కార్టర్ కాలేజీలో మూడేళ్లు ఆడి వచ్చాడు, నోవిట్స్కీ జర్మనీ రెండో శ్రేణి లీగు నుంచి వచ్చాడు. నేర్చుకోవాల్సింది ఎక్కువ ఉన్నవాడికే పోయిన వేసవి ఎక్కువ ఖరీదు అని నేను చదువుకుంటాను. అయితే ఈ చదువుకు లొంగనివాడు ఇర్వింగ్. గాయం వల్ల కాలేజీలో ఆడింది 11 ఆటలే, వేసవి లేదు, నిండు శిబిరం లేదు. అయినా 18.5 సగటుతో 2012 ఉత్తమ రూకీ అతనే. మన సూత్రం పక్కన అతని పేరూ రాసి పెట్టుకోండి.

నాలుగో మెట్టు: కోర్టు కాగితంలో పేర్లు

2011 నవంబరు 15న ఆటగాళ్లు యజమానులపై గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దావాలు వేశారు, ఒకటి కాలిఫోర్నియాలో, ఒకటి మిన్నెసోటాలో. మొదటిదానిలో కార్మెలో ఆంథనీ, కెవిన్ డ్యూరాంట్ వంటి తారల పక్కన కవాయ్ లెనార్డ్ పేరుంది. రెండోదానిలో డెరిక్ విలియమ్స్ పేరుంది. ఇద్దరూ అప్పటికి లీగులో ఒక్క నిమిషం ఆడనివాళ్లు. వాళ్లు ఎందుకు? పోటీ లేకుండా చేసి ధర కట్టారన్న ఆరోపణకు రూకీ కంటే సూటి ఉదాహరణ దొరకదు. ఏ జట్టుకు వెళ్లాలో అతను ఎంచుకోలేదు, ఎంతకు వెళ్లాలో బేరమాడలేదు. రెండూ నియమాలే చేశాయి. రాజీ కుదరడంతో దావాలు వెనక్కి తీసుకున్నారు. కొత్త ఒప్పందంలో ఎంపిక పద్ధతి అలాగే ఉంది, పట్టిక అలాగే ఉంది.

అభ్యాసం

ఒకటి. పట్టిక ప్రకారం 20 లక్షల డాలర్లు రావాల్సిన రూకీకి 50 ఆటల సీజనులో ఎంత వస్తుంది? ఆటకు ఎంతో ముందు కట్టి, ఆ తర్వాత హెచ్చించండి.

రెండు. 2011 వసంతంలో హారిసన్ బార్న్స్, జారెడ్ సలింజర్ ఎంపికకు వెళ్లకుండా కాలేజీలోనే ఉండిపోయారు. 2012లో బార్న్స్ 7వవాడిగా, వెన్ను గురించిన అనుమానాల మధ్య సలింజర్ 21వవాడిగా ఎంపికయ్యారు. నోటు పుస్తకంలో గీసిన తేదీల గీత పక్కన ఇంకో గీత గీసి, కాలేజీలో ఉన్నవాడి ఏడాదిని నెల నెలా రాయండి. శిక్షణ, వైద్యం, డబ్బు, సర్వీసు ఏడాది: ఏ నెలలో ఎవరికి ఏది ఉందో, ఏది లేదో గుర్తు పెట్టండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో చూద్దాం. ఆ పాఠంలో నిష్క్రమణ షరతును వాక్యం వాక్యంగా విప్పుతాం.