పడవ ఇంజిన్ మెకానిక్ కావాలంటే ముందు నీటి దారి నేర్చుకోవాలి

కారు, బైకు ఇంజిన్లు విప్పి బిగించడం వచ్చినవాళ్లకు విహార పడవల ఇంజిన్ మొదట్లో తేలిగ్గానే అనిపిస్తుంది. పిస్టన్, వాల్వు, ప్లగ్గు అన్నీ తెలిసినవే. తేడా అంతా నీళ్లతోనే. ఇంజిన్‌ను చల్లబరిచేదీ అవే, తుప్పు పట్టించేదీ అవే, గేర్లలోకి దూరేదీ అవే. కాబట్టి మొదటి కొన్ని నెలలు సిలిండర్ హెడ్ జోలికి పోకుండా నీటి దారి మీద కూర్చోండి.

ఇంజిన్, ఎలక్ట్రికల్ ప్రాథమిక కోర్సు ఒకటి చేసి, పడవల రిపేరు యార్డులో అప్రెంటిస్‌గా చేరడం మంచి దారి. కంపెనీల శిక్షణ, డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా డీలర్ల దగ్గర పనిచేసేవాళ్లకే దొరుకుతాయి. అందుకని చేరేచోట ఏ బ్రాండ్ ఇంజిన్లు వస్తాయో ముందే అడగండి.

మొదట చేతికి ఔట్‌బోర్డ్, అంటే పడవ వెనక బయట తగిలించే ఇంజిన్, ఇవ్వమనండి. దాని వాటర్ పంపులో నీటిని తోసే రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లర్) నీళ్లు లేకుండా తిరిగితే నిమిషం లోపే కాలిపోవచ్చు. అందుకే గట్టు మీద ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు హోసు తగిలించాలి, లేదా ట్యాంకులో దించాలి. స్టార్ట్ కాగానే పక్కనుంచి సన్నటి ధార వస్తోందా అని చూడాలి. రాకపోతే వెంటనే ఆపండి.

ఇంపెల్లర్ మార్చడానికి లోయర్ యూనిట్ (గేర్లు, ప్రొపెల్లర్ ఉండే కింది భాగం) దించుతారు. అంతకంటే ముందు బ్యాటరీ తీగ తీయండి, గేరు ఏ స్థానంలో ఉండాలో ఆ మోడల్ మాన్యువల్‌లో చూసుకోండి. పాత ఇంపెల్లర్ బయటికి రాగానే రెక్కలు లెక్కపెట్టండి. ఒక్క ముక్క తగ్గినా అది పైన నీటి గొట్టంలోనో, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వు) దగ్గరో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని వెతకకుండా కొత్తది వేస్తే వారం తిరక్కముందే ఇంజిన్ వేడెక్కిపోయిందని పడవ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. కింది ప్లేటు మీద గోరుకు తగిలే గీతలుంటే ప్లేటూ మార్చాలి. షాఫ్టుకి ఇంపెల్లర్‌ను పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క (కీ) జారిపోకుండా కాస్త గ్రీజుతో అంటించి, ఇంపెల్లర్ దించి, షాఫ్టును పనిచేసే దిశలో తిప్పుతూ పంపు మూత నొక్కండి. రెక్కలు సరైన వైపుకి వంగుతాయి.

తిరిగి ఎక్కించేటప్పుడు కొత్తవాళ్లు చేసే తప్పులు ముఖ్యంగా రెండు. షాఫ్టు పళ్లకు పక్కల గ్రీజు రాయాలి గాని కొన మీద ముద్ద పెట్టకూడదు, అది లోపల చిక్కుకుని షాఫ్టును పూర్తిగా కూర్చోనివ్వదు. రెండోది, నీటి గొట్టం పంపు రబ్బరులోకి దిగిందో లేదో చూడకపోవడం. యూనిట్ చేత్తో పూర్తిగా పైకి రాకపోతే బోల్టులతో లాగకండి, దించి మళ్లీ చూడండి.

గేర్ ఆయిల్ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా నూనె వచ్చేదాకా. పైనుంచి పోస్తే లోపల గాలి నిలిచిపోతుంది. నిండాక ముందు పై స్క్రూ బిగించి, ఆ తరవాతే కింద తగిలించిన నూనె పంపు తీసి స్క్రూ పెట్టండి. వాషర్లు ప్రతిసారీ కొత్తవి. పాత నూనె పాలలా తెల్లబడి వచ్చిందంటే సీలు పోయి నీళ్లు చేరాయి. ఎక్కువసార్లు కారణం ప్రొపెల్లర్ వెనక చుట్టుకున్న చేపల గాలపు దారం. ప్రొపెల్లర్ తీసి చూడకుండా ఊరికే సీలు మార్చకండి.

సముద్రపు నీరు నేరుగా తిరిగే ఇంజిన్లలో థర్మోస్టాట్ దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే తెరుచుకుంటుంది, కారుది 80 దాటాక. కారు థర్మోస్టాట్ సరిపోయింది కదా అని వేస్తే ఆ వేడికి ఉప్పు గట్టిపడి నీటి దారులు పూడుకుపోతాయి. పెట్రోల్ ఇన్‌బోర్డ్‌కి, అంటే పడవ లోపల ఉండే ఇంజిన్‌కి, కారు స్టార్టరు గాని, ఆల్టర్నేటరు గాని వేయకూడదు, వాటి నిప్పురవ్వలు బయటికి రావొచ్చు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. స్టార్ట్ చేసే ముందు ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను (బ్లోయర్) కనీసం 4 నిమిషాలు నడపండి, ఆ తరవాత వాసన చూడండి.

జింకు అనోడ్ (మిగతా లోహానికి బదులు తాను అరిగిపోయే ముక్క) సగం అరిగితే మార్చాలన్నది అందరికీ తెలుసు. అసలు అరగని అనోడ్ కూడా మంచి సూచన కాదు: అది లోహానికి సరిగా ఆనడం లేదు, లేదా ఎవరో దాని మీద రంగు పూశారు. అలాంటప్పుడు దానికి బదులు డ్రైవ్ యూనిట్ అరుగుతుంది. మంచినీటిలో తిరిగే పడవకు జింకు సరిపోదు, మెగ్నీషియం వాడతారు.

ఎలక్ట్రికల్ పనిలో మల్టీమీటర్ మీద చెయ్యి తిరగాలి. నిండిన 12 వోల్టుల బ్యాటరీ, లోడు లేనప్పుడు, 12.6 దాకా చూపిస్తుంది. స్టార్టర్ నీరసంగా తిరిగితే బ్యాటరీ మార్చే ముందు, స్టార్టర్ తిప్పుతూ కేబుల్ రెండు చివరల మధ్య వోల్టేజీ చూడండి, ఎక్కువ చూపిస్తే లోపం కేబుల్‌లోనో టెర్మినల్‌లోనో ఉంది. పైకి బాగున్న టెర్మినల్ లోపల పచ్చగా కుళ్లి ఉండొచ్చు. కొత్త తీగ వేస్తే తగరం పూత ఉన్న రాగి తీగే వేయండి.

ఇన్‌బోర్డ్ షాఫ్టు అలైన్‌మెంట్ (ఇంజిన్, ప్రొపెల్లర్ షాఫ్టు ఒకే వరసలో కుదర్చడం) చివర్న నేర్చుకునేది. గట్టు మీద కుదిర్చింది నీళ్లలో నిలవదు, పడవ ఆకారం కాస్త మారుతుంది. నీళ్లలోకి దింపి ఒకరోజు ఆగాక ఇంజిన్‌ను షాఫ్టుతో కలిపే కప్లింగ్ బోల్టులు తీసి, దాని రెండు గుండ్రటి పలకల (ఫ్లాంజిల) మధ్య సందును ఫీలర్ గేజ్ అనే పలచటి కొలత పట్టీలతో నాలుగు వైపులా కొలవండి. ఫ్లాంజి వ్యాసం అంగుళానికి 0.001 అంగుళం తేడా మించకూడదు, అంటే 4 అంగుళాల ఫ్లాంజికి 0.004. షాఫ్టు తిప్పి మళ్లీ కొలవండి. పెద్ద సందు అక్కడే ఉంటే ఇంజిన్ మౌంట్లు సర్దాలి. షాఫ్టుతోపాటు తిరిగితే షాఫ్టో కప్లింగో వంగింది, మౌంట్లు ఎంత సర్దినా లాభం లేదు.