బెలుం పోయొచ్చిన సైకిల్ చైన్

తిరుపతి నుంచి బెలుం గుహలు చూసి రావాలని సైకిలెక్కినా. మన శేషాచలం కొండలు క్వార్ట్‌జైట్, గట్టి రాయి. బెలుం వైపు సున్నపురాయి. నాపరాళ్ల క్వారీ లారీ ఒకటి దాటిపోతే చాలు, ఒళ్లంతా పిండి. గుహ చల్లగా ఉంటుందనుకున్నా, లోపల కూడా ఉక్కే!

తిరుగుదారిలో ఎక్కుడు వచ్చినప్పుడల్లా చైన్ కరకరమని ఎగిరేది. ఎగిరినప్పుడల్లా నూనె పోసినా. అదే తప్పు.

ఊరొచ్చాక లీలామహల్ సెంటర్ వైపు మెకానిక్ చూసి, "ఏంనా, చైన్‌కి తలంటు పోసినావా?" అన్నాడు. నూనెకు దుమ్ము అతుక్కుని గంధంలా మారి లింకుల్ని అరగదీస్తోందట. స్కేలు పెట్టినాడు. 12 జతల లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి, వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు, పెరిగితే చైన్ మార్చాలి. నాది అంతకు కాస్త తక్కువే, బతికిపోయినా.

కిరసనాయిలులో రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, రోలర్‌కు ఒక్క చుక్క చొప్పున నూనె వేసి, పైన తడి లేకుండా గుడ్డతో తుడిచినా. ఈ తుడవడమే నేనెప్పుడూ చెయ్యనిది.

మొన్న భాకరాపేట ఘాట్ ఎక్కినా. చైన్ చప్పుడు లేదు, నా ఆయాసమే.