బిగిసిన బ్రేక్ పిస్టన్‌ని పెడల్‌తోనే బయటికి తెద్దాం

ర్యాలీకని బాగుచేస్తున్న పాత ఎంజీబీ కారుకి ముందు బ్రేక్ పిస్టన్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. విజయవాడ ఆటోనగర్‌లో సుత్తి, పట్టకారు అన్నీ అయ్యాయి, గీతలు పడ్డాయి తప్ప కదల్లేదు.

క్యాలిపర్‌ని (పిస్టన్లు ఉండే బ్రేక్ భాగం) డిస్క్ మీంచి తీయండి కానీ హోస్ (ఆయిల్ వచ్చే గొట్టం) విప్పకండి, తీగతో వేలాడదీయండి. ప్యాడ్లు తీసేసి రెండు పిస్టన్ల మధ్య అర అంగుళం చెక్క పెట్టి, కారులోని బ్రేక్ ఆయిల్ డబ్బా నిండుగా ఉంచి, పెడల్ మెల్లగా తొక్కించండి. ముందు కదిలినదాన్ని జీ క్లాంపుతో ఆపితే రెండోదీ వస్తుంది. వేళ్లు దూరం! కింద ట్రే కూడా పెట్టండి, ఆ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది.

మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టేది) రబ్బర్లు అరిగి ఉంటే మాత్రం పెడల్ ఊరికే కిందికి జారుతుంది, ఒత్తిడి రాదు. ముందు అది బాగుచేయించాలి.