బెజవాడ రోడ్లకు తగ్గ సైకిల్ టైరు

కృష్ణలంక నుంచి బెంజి సర్కిల్ దాకా నా దారిలో తారు, సిమెంటు సందులు, తవ్వి పూడ్చిన కంకర అన్నీ తగులుతాయి. సైకిల్‌తో వచ్చినవి బురదలో పట్టు కోసం చేసిన బుడిపెల టైర్లు. వెనకదానికి నడిమి బుడిపెలు తారు మీద అరిగి చదునయ్యాయి, పక్కవి మాత్రం కొత్తగానే ఉన్నాయి. అంటే ఆ బురద టైరుతో నాకు పని లేదు.

పైగా పంక్చర్లు! ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువై, గుంతలో ట్యూబు రిమ్ముకు నొక్కుకుపోయిందని అర్థం. అది మళ్లీ రాకుండా పంపుతో గాలి సరిగా కొట్టుకుంటే చాలు. నాకు ఎక్కువగా పడేది ఒక్కటే సన్నని చిల్లు. టైరు లోపల దూదితో తుడిచి, దూది పట్టుకున్న చోట పట్టకారుతో లాగితే వెంట్రుకంత ఉక్కు తీగ వచ్చింది. లారీ టైర్లు చిరిగినప్పుడు రాలిపడేవి ఇవే. బందరు రోడ్డు అంచున వీటికి కొదవ లేదు.

అందుకే ట్రెడ్ (నేలను తాకే రబ్బరు) కింద మందపాటి రక్షణ పొర, నడుమ ఎడతెగని రబ్బరు పట్టీ ఉన్న టైరు వేయించాను. తొక్కడానికి కాస్త బరువే. ఫరవాలేదు, తోసుకుంటూ నడవడం కన్నా నయం.

కొలతకు టైరు పక్కన ముద్రించిన అంకెలనే నమ్మండి. నాది 37-622: వెడల్పు 37 మి.మీ., రిమ్ము మీద కూర్చునే వ్యాసం 622 మి.మీ. ఊరికే ‘26 అంగుళాలు’ అని అడిగితే 559 ఇవ్వొచ్చు, 590 ఇవ్వొచ్చు. ఒకదాని రిమ్ముకు రెండోది ఎక్కదు. వెడల్పు పెంచేవారు బ్రేకుల దగ్గర, ఫ్రేము దగ్గర ఖాళీ చూసుకోవాలి. గాలి ఒత్తిడి వెనక 60 పీఎస్ఐ (పంపు మీటరు మీద చూపే కొలత), ముందు 55 పెడుతున్నాను.