కమ్, గో దగ్గర తడబడుతున్నారా? ముందు మన "వెళ్లొస్తా" సంగతి చూడండి

నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు ఎక్కగానే సగం మంది ఫోన్ తీస్తారు, "ఎక్కేశానండి, వచ్చేత్తన్నా" అని. ఆ ఫోన్ ఎత్తిన మనిషి అవతల సఖినేటిపల్లి గట్టున ఉన్నాడు, మాట్లాడేవాడు ఇంకా ఇటే ఉన్నాడు, అయినా "వెళ్తున్నా" అనడు, "వస్తున్నా" అనే అంటాడు. ఇంగ్లీషులోనూ ఇంతే, "ఐయామ్ కమింగ్". సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను, మా వాళ్లు ఈ రెండు మాటల దగ్గర ఎక్కడెక్కడ ఆగిపోతున్నారో, ఎలా సరిచేసుకోవాలో రాస్తున్నా.

సమస్య: ఫోన్లో ఫ్రెండుకి "ఐయామ్ గోయింగ్ టు యువర్ హౌస్" అని చెప్పేస్తారు.

ఎందుకంటే: చిన్నప్పుడు నేర్చుకున్న రూలు, నా వైపుకి అయితే కమ్, నా నుంచి దూరంగా అయితే గో అని. అది సగం రూలే. వినేవాళ్లు ఉన్న చోటుకి కదిలినా కమ్మే, అంతేకాదు రేపు మనం అమలాపురంలో ఉంటామనుకోండి, ఇవాళ నరసాపురంలో కూర్చునే "కమ్ టు అమలాపురం టుమారో" అనొచ్చు, ఎందుకంటే వాళ్లొచ్చే టైముకి మనం అక్కడ ఉంటాం కదా. చార్లెస్ ఫిల్‌మోర్ అనే అమెరికా భాషావేత్త 1971లో శాంటా క్రూజ్‌లో ఇచ్చిన లెక్చర్లలో ఈ కమ్, గో సంగతి వివరంగా చెప్పాడు. స్పానిష్ వాళ్లకి ఇది నిజంగా కష్టం, "వస్తున్నా" అనాల్సిన చోట వాళ్ల భాషలో "వెళ్తున్నా" అనే అంటారు. మనకి ఆ బాధ లేదు.

ఏం చెయ్యాలి: తెలుగులో నోటికి "వస్తా" అని వస్తే కమ్, "వెళ్తా" అని వస్తే గో, ఈ విషయంలో మీ తెలుగుని నమ్మండి. "మేం అంతర్వేది తీర్థానికి వెళ్తున్నాం, నువ్వూ వస్తావా?" అంటాం కదా, "వుయ్ ఆర్ గోయింగ్ టు అంతర్వేది, ఆర్ యూ కమింగ్?" రెండు మాటలూ మనం పెట్టిన చోటే పడ్డాయి చూడండి. తీసుకురా, తీసుకెళ్లు కూడా అంతే, బ్రింగ్, టేక్.

మరి తెలుగుని నమ్మితే దెబ్బతినేది ఎక్కడంటే "వెళ్లొస్తా" దగ్గర.

సమస్య: "ఐ విల్ గో అండ్ కమ్". గడప దాటేటప్పుడు ఉత్తినే "వెళ్తా" అంటే మన పెద్దాళ్లు ఊరుకోరు, "ఎల్లొత్తానను" అంటారు, తిరిగి రావాలనే కోరిక ఆ మాటలోనే ఉంది, నాకైతే అది చాలా ఇష్టమైన మాట. ఇంగ్లీషులో దాన్ని ముక్కకి ముక్క పెడితే కుదరదు. సెలవు తీసుకునేటప్పుడు "ఐయామ్ లీవింగ్, సీ యూ" చాలు. కొట్టుకెళ్లి వచ్చేయడం లాంటిదైతే "ఐ విల్ బి బ్యాక్ ఇన్ టెన్ మినిట్స్".

ఇదే మాట ఇంకోచోట అసలైన నష్టం చేస్తుంది. మా దగ్గర నేర్చుకునే ఒకావిడ కువైట్‌లో రెండేళ్లు పనిచేసి వచ్చేసింది, మళ్లీ వెళ్దామని ఒక ఫోన్ ఇంటర్వ్యూకి కూర్చుంది. ఇంతకుముందు అనుభవం ఉందా అని అడిగితే "ఐ హావ్ గాన్ టు కువైట్" అంది. అవతలాయన "ఆర్ యూ దేర్ నౌ?" అన్నాడు. ఈవిడకి అర్థం కాలేదు, కంగారులో "యెస్" అంది, అంతే, ఇక్కడున్న మనిషి అక్కడున్నట్టు అయిపోయింది. "మాస్టారూ, నేనేం తప్పన్నానండీ?" అని ఆ సాయంత్రం అడిగింది, కళ్లల్లో నీళ్లు.

కారణం ఇదీ: "వెళ్లారు" అంటే ఇంకా అక్కడే ఉన్నారని, "వెళ్లొచ్చారు" అంటే తిరిగొచ్చేశారని మనకి తెలుసు. ఇంగ్లీషులో మొదటిది "హాజ్ గాన్ టు", రెండోది "హాజ్ బీన్ టు". బీన్‌లో గో కనపడదు కాబట్టి మన వాళ్లకి అది తట్టదు. "మా అక్క కువైట్ వెళ్లింది, ఇంకా రాలేదు" అయితే "షీ హాజ్ గాన్ టు కువైట్". వెళ్లి వచ్చేస్తే "షీ హాజ్ బీన్ టు కువైట్". మాట్లాడే ముందు తెలుగులో ఒక్కసారి అనుకోండి, "వెళ్లొచ్చా" అని వస్తే బీన్ పెట్టండి. నిన్న, పోయినేడాది అని టైము చెప్తుంటే మాత్రం రెండూ వద్దు, "ఐ వెంట్ టు భీమవరం యెస్టర్‌డే". పని అనుభవం గురించి అడిగితే ఇంకా తేలిక, "ఐ వర్క్డ్ ఇన్ కువైట్ ఫర్ టూ ఇయర్స్". ఆవిడ చేత ఈ వాక్యం ఇరవైసార్లు అనిపించాను.

ఇంకో చిన్న సమస్య, తెలుగులో మనుషులే కాదు అన్నీ వస్తాయి. నిద్రొస్తుంది, ఇంగ్లీషొచ్చు, బస్సులో "రాజోలొచ్చింది దిగండి", వరదల్లో లంకల వాళ్లు "గోదారొచ్చింది" అంటారు. వీటికి కమ్ పెట్టకండి. "ఐయామ్ స్లీపీ", "ఐ స్పీక్ ఇంగ్లీష్", "దిస్ ఈజ్ రాజోలు", "ద రివర్ ఈజ్ ఇన్ ఫ్లడ్". కరెంటు ఒక్కటే మన దారికి వస్తుంది, పోతే "ద పవర్ వెంట్ ఔట్", వస్తే "ద పవర్ కేమ్ బ్యాక్", కాకపోతే ఆ ఔట్, బ్యాక్ ముక్కలు మర్చిపోకండి.