కోర్సు వదులుకునే ముందు

అమెరికాలో పెల్ గ్రాంటు (మామూలుగా తిరిగి కట్టనక్కర్లేని ప్రభుత్వ సాయం), ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) రుణాలతో డిగ్రీ చదువుతున్న మన పిల్లలు సెమిస్టర్ మధ్యలో కోర్సు వదిలేసే ముందు చూసుకోవలసినవి ఇవి. ఎఫ్-1 వీసా మీద వెళ్లినవారికి ఫెడరల్ సాయం ఉండదు; వారికి ఇది వర్తించదు.

ముందు క్యాలెండర్ చూడండి. డ్రాప్ గడువు లోపలైతే మామూలుగా ఆ కోర్సు లెక్కలోకే రాదు. గడువు దాటితే మార్కుల పత్రంలో 'డబ్ల్యూ' (విత్‌డ్రా, అంటే మధ్యలో మానేసినట్టు) పడుతుంది. అది జీపీఏను (గ్రేడ్ల సగటును) తాకదు కాబట్టి చాలామంది ధీమాగా ఉంటారు. పొరపాటంతా అక్కడే. సాయం కొనసాగాలంటే తీసుకున్న క్రెడిట్లలో ఇంత శాతం పూర్తి చేయాలని కాలేజీ నియమం ఉంటుంది; 'డబ్ల్యూ' పడ్డవీ తీసుకున్నవాటిలోకే వస్తాయి.

కాగితం మీద లెక్క వేయండి. ఏడాదికి 30 క్రెడిట్లు తీసుకున్నారు. 4 క్రెడిట్ల కెమిస్ట్రీ తప్పింది, గడువు దాటాక 7 క్రెడిట్లు వదిలేశారు. పూర్తయింది 19, అంటే 63 శాతం. చాలా కాలేజీలు 67 శాతం అడుగుతాయి.

సాయం ఆగకుండా ఉండాలంటే నాలుగేళ్ల డిగ్రీలో రెండో ఏడాది చివరికి సగటు 'సి' ఉండాలి. సాధారణంగా అది 2.0 జీపీఏ. 120 క్రెడిట్ల డిగ్రీకి, వదిలేసినవీ తప్పినవీ కలుపుకుని, తీసుకున్న 180 క్రెడిట్లకు మించి సాయం అందదు. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చాలనుకునేవారు దీన్ని మరవకండి.

అన్ని కోర్సులూ మానేస్తున్నారా? సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే మానితే డబ్బు కొంత వెనక్కి కట్టవలసి రావచ్చు.

అనారోగ్యమో, ఇంట్లో మరణమో కారణమైతే ఆసుపత్రి కాగితాలు, మరణ ధ్రువపత్రం ఇప్పుడే దాచుకోండి. సాయం ఆగిపోతే కాలేజీకి చేసుకునే అప్పీలుకు అవే ఆధారం.